ఫ్లేవర్ టీలను ఇంట్లో పోల్చి చూడటం: వాసన వెనకాల ఉన్న ఆకును పట్టుకోవాలంటే

నమస్కారం. ముందుగా మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ చెప్పుకుంటాను. మీ అమ్మాయి పెళ్లికి వచ్చిన కానుకల్లో ఆరు రకాల టీలున్న పెట్టె ఒకటి ఉంది. అందులో మల్లె గ్రీన్ టీ, బెర్గమాట్ అనే పుల్లని పండు తొక్క నూనె కలిపిన ఎర్ల్ గ్రే, యాలకుల టీ, అల్లం టీ, మసాలా టీ, వెనిలా టీ ఉన్నాయి. డబ్బా మూత తీయగానే గది అంతా ఘుమఘుమలాడింది కాని, కప్పులో పోసుకున్నాక ఒకటి నీళ్లలా, ఇంకొకటి చేదుగా, మిగిలినవన్నీ దాదాపు ఒకేలా అనిపించాయి. పాలు, చక్కెర కలిపినా తేడా తెలియలేదు. మీది నిజాంపేట అని, ఇంట్లో బోరు నీళ్లే వాడతారని, అందరికీ ఇరానీ చాయ్ అలవాటని రాశారు. ఏది నిజంగా మంచిదో, ఏది పైపై వాసనో ఇంట్లోనే తేల్చుకోగలమా అన్నది మీ సందేహం.

తేల్చుకోగలరు. నేను హైదరాబాద్‌లో టీ పొడులు కలిపి ప్యాకెట్లు కట్టే వ్యాపారంలో 22 ఏళ్లు రుచి చూసే పని చేశాను. ఆ అనుభవంతో మొదట చెప్పదలచుకున్నది ఒక్కటే: ఫ్లేవర్ టీని పోల్చడమంటే వాసనలను పోల్చడం కాదు, వాసన కింద ఉన్న ఆకును పోల్చడం. మంచి ఆకు మీద కూర్చిన పరిమళం ఆకుతో కలిసి ఒకటవుతుంది, నాసి ఆకు మీద చల్లిన పరిమళం ఆకును కప్పిపెడుతుంది. మూత తీసిన క్షణంలో ఈ రెండూ ఒకేలా ఉంటాయి. కప్పు చల్లారే దాకా ఓపిక పడితే రెండింటికీ పొత్తు లేదని తెలిసిపోతుంది.

దీనికి మీరు ఈ రోజే చేయగలిగిన చిన్న పరీక్ష ఉంది. వెనిలా టీని పాలు, చక్కెర లేకుండా కాచి, గోరువెచ్చగా అయ్యాక, ముక్కును వేళ్లతో గట్టిగా మూసుకుని ఒక చెంచాడు నోట్లోకి తీసుకోండి. మింగకుండా కొద్దిసేపు నాలుక మీద ఉంచండి. ఆ సమయంలో వెనిలా అన్నదే ఉండదు. కొంచెం చేదు, కొంచెం వగరు, వేడి, అంతే. ఇప్పుడు ముక్కు వదిలేయండి. ఒక్క శ్వాసలో వెనిలా మొత్తం వచ్చి నోరంతా నిండుతుంది. నోటి వెనక భాగం నుంచి ముక్కులోకి వెళ్లే గాలితోనే మనం దాన్ని గ్రహించాం. ముక్కు మూసుకున్నప్పుడు నాలుకకు తెలిసినదే ఆ టీ ఆకు అసలు గుణం. ఆరు కప్పులతోనూ ఇలా చేసి చూస్తే మీకు 'ఒకేలా' అనిపించిన వాటి మధ్య తేడా మొదటిసారిగా కనిపిస్తుంది.

ఈ విషయంలో మన భాష మనకు గొప్ప సహాయం చేస్తుంది. ఉగాది పచ్చడి తినే ప్రతి ఇంట్లోనూ వగరు వేరు, చేదు వేరు అని చిన్నపిల్లలకు కూడా తెలుసు. కాకరకాయది చేదు, పచ్చి అరటికాయ ముక్క కొరికినప్పుడు నోరు పిడచగట్టినట్టుండేది వగరు. టీలో చేదు ఎక్కువగా కెఫీన్ నుంచి, ఆకులో ఉండే కాటెచిన్లు అనే పదార్థాల్లో కొన్నింటి నుంచి వస్తుంది. వగరు మాత్రం ఆకులోని పాలీఫినాల్స్ మన లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకోవడం వల్ల కలిగే స్పర్శ. మంచి అస్సాం ఆకులో వగరు చురుక్కుమని తగిలి వెంటనే వదిలేస్తుంది, నోట్లో మళ్లీ నీరూరుతుంది. పాతబడిన ఆకులోనో, అతిగా మరిగించిన ఆకులోనో వగరు చిగుళ్లను పట్టుకుని వదలదు. మీరు 'చేదుగా ఉంది' అని రాసిన కప్పు నిజానికి చేదుగా ఉందా, వగరుగా ఉందా అన్నది ముందు తేల్చుకోండి. చేదైతే నీటి వేడి గాని, నానిన సమయం గాని ఎక్కువై ఉండవచ్చు. నీళ్ల వేడి, సమయం సరిచూసుకున్నాక కూడా వగరు అలాగే పట్టుకుని ఉంటే ఆకునే అనుమానించాలి.

ఇరానీ చాయ్ అలవాటున్న నాలుకకు ఇవి నీళ్లలా అనిపించడం సహజమే, అందులో మీ తప్పూ లేదు, టీ తప్పూ లేదు. ఇరానీ చాయ్‌లో డికాక్షన్‌ను మూత బిగించిన పాత్రలో సన్నని సెగ మీద చాలాసేపు ఉంచుతారు, పాలను వేరుగా మరిగించి చిక్కబరుస్తారు, ఆ రెండింటినీ కప్పులోనే కలుపుతారు. అంతసేపు ఉడికిన ఆకులో సున్నితమైన పరిమళాలన్నీ ఆవిరైపోయి చిక్కదనం, వగరు మాత్రమే మిగులుతాయి. పాలలోని కేసీన్ అనే ప్రోటీన్ ఆ వగరులో చాలా భాగాన్ని తనలో కలుపుకుంటుంది కాబట్టే అంత గాఢమైన చాయ్ మెత్తగా గొంతు దిగుతుంది. ఆ చాయ్ అందం చిక్కదనంలో ఉంది. బెర్గమాట్ టీ అందం పరిమళంలో, తేటదనంలో ఉంది. బిర్యానీ తిన్న నోటితో చారును తూచకూడదు. అందుకే రుచి చూసే రోజున ఉదయం ఇరానీ చాయ్ గాని, కాఫీ గాని తాగకండి. టిఫిన్ తిన్న గంటన్నర తరువాత, సుమారు పదిన్నర పదకొండు గంటల వేళ మొదలుపెట్టండి. ఆ పూట ఆవకాయ, ఇంగువ పోపు వద్దు. పూజగదిలో అగరుబత్తి వెలిగించి ఉంటే ఆ వాసన పోయేదాకా ఆగండి.

ఇక నీళ్ల సంగతి. మీ ఇంట్లో అసలు చిక్కు ఇక్కడే ఉందని నా అనుమానం. బోరు నీటిలో కాల్షియం, బైకార్బొనేట్లు ఎక్కువగా ఉంటాయి. అటువంటి నీటిలో టీ కాస్తే రంగు మందంగా, గోధుమ నలుపుగా మారుతుంది, చురుకుదనం చచ్చిపోతుంది, పైన పలుచని తెట్టు కడుతుంది. చాలామంది ఆ తెట్టును ఆకులోని జిడ్డు అనో, కల్తీ అనో అనుకుంటారు. అది నీటిలోని ఖనిజాలు, ఆకులోని పాలీఫినాల్స్, గాలిలోని ఆక్సిజన్ కలిసి ఏర్పరచే పొర. రెండు చుక్కల నిమ్మరసం పడితే అది చాలావరకు పోతుంది, డికాక్షన్ రంగు కూడా తేలికవుతుంది. రంగు మారడానికి కారణం టీలోని రంగు పదార్థాలు పులుపులో తమ గాఢతను కోల్పోవడం. అందువల్ల మిగిలిన పోలికలన్నింటికంటే ముందు ఒక పోలిక చేయండి. మామూలు టీ పొడి ఒక్కటే తీసుకుని మూడు కప్పుల్లో మూడు నీళ్లతో కాయండి: బోరు నీళ్లు, నల్లాలో వచ్చే నీళ్లు, ఆర్‌ఓ నీళ్లు. నల్లా నీటిలో క్లోరిన్ వాసన ఉంటే రాత్రంతా మూత లేని గిన్నెలో ఉంచితే తగ్గుతుంది. మూడు కప్పులను కిటికీ వెలుగులో పక్కపక్కన పెట్టి చూస్తే, నాలుక చెప్పకముందే కళ్లు చెప్తాయి. ఖనిజాలు బొత్తిగా తీసేసిన ఆర్‌ఓ నీటిలో రంగు మెరుస్తుంది కాని, నా నాలుకకు రుచి కొంచెం బోలుగా తోస్తుంది. నేను ఇంట్లో నల్లా నీళ్లు, ఆర్‌ఓ నీళ్లు సగం సగం కలిపి వాడతాను. మీకు ఏది నచ్చినా సరే, ఆరు టీలకూ ఒకే నీళ్లు వాడటం తప్పనిసరి.

టీలను పోల్చడానికి ఐ.ఎస్.ఓ. 3103 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. 1980లో వచ్చిన ఆ ప్రమాణం ప్రకారం ప్రతి 100 మిల్లీలీటర్ల మరిగే నీటికి 2 గ్రాముల ఆకు వేసి, 6 నిమిషాలు నాననివ్వాలి. రుచికరంగా టీ పెట్టడం దాని ఉద్దేశం కాదు, అన్ని ఆకులనూ ఒకే తీరుగా పరీక్షించడమే దాని ఉద్దేశం. ఇంట్లో 5 నిమిషాలు చాలు. తూకం మాత్రం చెంచాతో కొలవకండి. సి.టి.సి. పొడి, అంటే యంత్రాల్లో నలిపి, చింపి, చుట్టిన మామూలు టీ పొడి, సన్నని గుళికల్లా ఉండి చెంచాలో బిగువుగా కూర్చుంటుంది. మల్లె గ్రీన్ టీ లాంటి విడి ఆకు ఉబ్బుగా ఉండి, అదే చెంచాలో సగం బరువు కూడా తూగకపోవచ్చు. మీ కప్పుల్లో ఒకటి నీళ్లలా ఉండటానికి ఇదే కారణం కావచ్చు. నగల దుకాణాల్లో వాడే లాంటి చిన్న డిజిటల్ త్రాసు తక్కువ ధరకే దొరుకుతుంది. కప్పులు తెల్లటి పింగాణీవి, ఒకే పరిమాణంలో ఉన్నవి తీసుకోండి. స్టీలు గ్లాసులో రంగు తెలియదు, అంచు పెదవిని కాలుస్తుంది.

ఒక చిన్న విషయం చెప్పాలి. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది కాబట్టి ఇక్కడ నీళ్లు 100 దగ్గర కాక సుమారు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. బ్లాక్ టీకి ఆ రెండు డిగ్రీల తేడా పెద్ద నష్టం కాదు గాని, కెటిల్ ఆగాక ఫోను మాట్లాడి వచ్చి పోస్తే మాత్రం తేడా వస్తుంది. మరుగుతున్న నీటినే పోయండి. గ్రీన్ టీకి అంత వేడి వద్దు. మూడు వంతుల మరిగే నీటికి ఒక వంతు మామూలు నీరు కలిపితే దాదాపు 80 డిగ్రీలు వస్తుంది. అందులో 3 నిమిషాలు చాలు. థర్మామీటర్ కొనవలసిన పని లేదు.

వడకట్టాక ముందుగా తడి ఆకును వాసన చూడండి. తడి ఆకు వేడిగా ఉన్నప్పుడు ఏదీ దాచుకోలేదు. బూజు వాసన, పొగ వాసన, తడి అట్టపెట్టె వాసన అన్నీ అక్కడే బయటపడతాయి. తరువాత చెంచాతో డికాక్షన్ తీసుకుని, మర్యాద పక్కన పెట్టి, చప్పుడు వచ్చేలా గట్టిగా జుర్రండి. పులుసును, చారును అరిటాకు చివర జుర్రుకున్నట్టే. గాలితో కలిసి చిన్న చిన్న తుంపరలుగా విరిగిన టీ నోరంతా పరుచుకుంటుంది, పరిమళం ముక్కు వెనక్కి చేరుతుంది. నోట్లో తిప్పి ఉమ్మేయండి. ఆరు కప్పులూ మింగితే కెఫీన్ ఎక్కువై గుండె దడ రావచ్చు, రాత్రి నిద్ర పట్టకపోవచ్చు. ఒక కప్పుకూ ఇంకో కప్పుకూ మధ్య ఉప్పు లేని మరమరాలు నాలుగు నమిలి, గోరువెచ్చని నీళ్లతో పుక్కిలించండి. మల్లెతో మొదలుపెట్టి, వెనిలా, బెర్గమాట్, యాలకులు, అల్లం, చివరికి మసాలా అనే వరుసలో వెళ్లండి. లవంగం ఒకసారి నాలుకను తిమ్మిరెక్కించాక దాని తరువాత వచ్చే మల్లెకు న్యాయం జరగదు.

ప్రతి కప్పునూ మూడుసార్లు చూడాలి: వేడిగా ఉన్నప్పుడు, గోరువెచ్చగా అయ్యాక, పూర్తిగా చల్లారాక. వేడి కప్పులో నూనెలు ఎగిరి ముక్కును నింపేస్తాయి కాబట్టి అన్నీ బాగున్నట్టే ఉంటాయి. గోరువెచ్చగా ఉన్నప్పుడు నాలుక ఎక్కువ రుచులను పసిగడుతుంది. చల్లారాక పరిమళం నెమ్మదించి ఆకు ఒంటరిగా మిగులుతుంది. నేను కొనుగోలు నిర్ణయాలు ఎన్నో చల్లారిన కప్పు మీదనే చేశాను. గాఢంగా కాచిన మంచి అస్సాం డికాక్షన్ చల్లారితే మబ్బు పట్టినట్టు పాలిపోయి మసకబారుతుంది. కెఫీన్, బ్లాక్ టీకి రంగునిచ్చే థియాఫ్లావిన్లు ఒకదానితో ఒకటి ముడిపడటం వల్ల అలా జరుగుతుంది. దాన్ని చూసి పాడైందని పారబోయకండి, అది బలమైన ఆకు లక్షణం.

మీ అభిప్రాయాన్ని డబ్బా మీది బొమ్మ ప్రభావితం చేయకుండా ఉండటానికి ఇంట్లో ఒకరిని సాయం అడగండి. వారు కప్పుల అడుగున అంకెలు అంటించి, మసాలాను చివరికే ఉంచి మిగిలిన వాటి వరుస మార్చి, మీకు చెప్పకుండా అందించాలి. రెండు టీల మధ్య నిజంగా తేడా తెలుస్తోందా అన్న అనుమానం వస్తే, మూడు కప్పులు పెట్టించుకుని, రెండింటిలో ఒకే టీ, మూడో దానిలో వేరే టీ పోయించండి. వేరుగా ఉన్నది ఏదో చెప్పాలి. ఊహించి చెప్పినా మూడింట ఒకసారి సరిపోతుంది కాబట్టి ఒక్కసారితో సంతృప్తి పడవద్దు. వరుసగా మూడుసార్లు గురి తప్పకుండా చెప్పగలిగితే, అది గుడ్డిగా జరిగే అవకాశం 27లో ఒకటి మాత్రమే. ఏళ్ల తరబడి ఈ పని చేసినవారు కూడా ఈ పరీక్షలో తడబడతారు. తడబడితే ఆ రెండింటిలో తక్కువ ధర ఉన్నదాన్ని నిశ్చింతగా కొనవచ్చు.

ఇప్పుడు మీ పెట్టెలోని వాటి గురించి. మల్లె టీ నాకు ప్రాణం కాబట్టి దాని గురించి కొంచెం ఎక్కువ చెప్తాను. చైనాలోని ఫుజౌ ప్రాంతం దీనికి ప్రసిద్ధి. అక్కడ వాడే పువ్వు మరేదో కాదు, వేసవిలో మన ఆడవాళ్లు జడలో తురుముకునే మల్లెజాతిదే. మొగ్గలను పగలు కోసి, రాత్రి అవి విచ్చుకునే వేళకు గ్రీన్ టీ ఆకుతో పొరలు పొరలుగా కలిపి ఉంచుతారు. టీ ఆకు చుట్టూ ఉన్న ఏ వాసననైనా పీల్చుకుంటుంది. తెల్లారాక పువ్వులను తీసేసి, పువ్వుల తడి పట్టిన ఆకును మళ్లీ ఆరబెడతారు. మేలు రకాలకు ఇదంతా కొత్త పువ్వులతో ఎన్నో రాత్రులు సాగుతుంది. మీరు దీన్ని ఇంట్లో చేసి చూడవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో గుడిమల్కాపూర్ పూల మార్కెట్ నుంచి ఇంకా విచ్చని మొగ్గలు తెచ్చి, సాయంత్రం 50 గ్రాముల మామూలు గ్రీన్ టీతో అంతే బరువు మొగ్గలను వెడల్పాటి గిన్నెలో కలిపి, పలుచని గుడ్డ కప్పండి. రాత్రి పదకొండు గంటల వేళ ఒకసారి గుడ్డ తీసి చూడండి. మొగ్గలు నోరు తెరిచి ఉంటాయి, గిన్నె మధ్యలో చెయ్యి పెడితే కొంచెం వెచ్చగా, చెమ్మగా తగులుతుంది. అప్పుడు చేత్తో పైకీ కిందికీ కలిపి, ఉదయాన్నే పువ్వులు ఏరేసి, ఆకును చాలా సన్నని సెగ మీద పెనంలో పొడిపొడిగా అయ్యేదాకా ఆరబెట్టండి. ఆ టీని మీ పెట్టెలోని మల్లె టీతో పోల్చి చూస్తే, పువ్వుతో పట్టించిన వాసనకూ సీసాలోంచి వేసిన వాసనకూ ఉన్న భేదం ఎవరూ చెప్పనక్కరలేకుండా తెలుస్తుంది. పువ్వుది మెత్తగా, కొంచెం పచ్చిగా ఉండి రెండోసారి నీళ్లు పోసినా మిగులుతుంది. సీసాది మొదటి నీళ్లలోనే గుప్పుమని అయిపోతుంది.

బెర్గమాట్ అనేది ఇటలీలోని కలాబ్రియాలో ఎక్కువగా పండే పుల్లని పండు, దాని తొక్క నుంచి తీసిన నూనెను ఎర్ల్ గ్రేలో కలుపుతారు. మనకు తెలిసిన వాటిలో దబ్బకాయ తొక్క గోటితో గిల్లినప్పుడు వచ్చే వాసన దానికి దగ్గరగా ఉంటుంది. సరైన బెర్గమాట్ టీలో ఆ వాసనతో పాటు తొక్క చేదు కూడా లేశమాత్రంగా తెలుస్తుంది. సబ్బు వాసన మాత్రమే వస్తే నూనె ఎక్కువైందని గాని, నాసిరకమని గాని అర్థం. దీన్ని పాలతో తాగకండి.

యాలకులు, అల్లం, మసాలా టీల సంగతి వేరు. వీటి సుగంధ నూనెలు నీటిలో అంతగా కరగవు, కొవ్వులో బాగా కరుగుతాయి. కాబట్టి వీటిని ఒకసారి పాలు లేకుండా, ఒకసారి పాలతో చూడటమే న్యాయం. మంచి యాలకులలో నీలగిరి తైలాన్ని తలపించే చల్లదనం ఉంటుంది, ఎందుకంటే సినియోల్ అనే పదార్థం రెండింటిలోనూ ఉంది. ఆ చల్లదనం లేకుండా తీపి వాసన మాత్రమే ఉన్నది కృత్రిమ ఫ్లేవర్ అని నేను అనుమానిస్తాను. ప్యాకెట్‌లోని అల్లం ఎప్పుడూ ఎండినదే, అంటే శొంఠి. అల్లం ఎండినప్పుడు దానిలోని జింజెరాల్ అనే ఘాటు పదార్థం కొంతవరకు ఇంకా ఘాటైన షోగాల్‌గా మారి ఘాటు పెరుగుతుంది, కాని పచ్చి అల్లంలోని నిమ్మలాంటి తాజాదనం పోతుంది. మీరు పచ్చి అల్లం టీని దీని పక్కన పెట్టి పోల్చదలిస్తే, అల్లాన్ని ముందు నీళ్లలో బాగా మరిగించి ఆ తరువాతే పాలు పోయండి, లేకపోతే అల్లంలోని ఎంజైము పాలను విరిచేస్తుంది. మసాలా టీ కోసం నా సలహా ఒక్కటే. బేగంబజార్‌లో విడిగా లవంగం, దాల్చినచెక్క, మిరియాలు, యాలకులు కొంచెం కొంచెం తెచ్చుకుని, మీ ఇంటి టీ పొడితో కాచి పక్కన పెట్టండి. ఆ కప్పు కంటే ప్యాకెట్ కప్పు బాగుంటేనే మళ్లీ కొనండి.

వెనిలా గురించి పెద్దగా చెప్పేది లేదు. మన దేశంలో వాసన కలిపిన టీ ప్యాకెట్ మీద 'ఫ్లేవర్డ్ టీ' అన్న మాట, కలిపిన ఫ్లేవర్ పేరు ఉండాలి. సహజమా, కృత్రిమమా అన్నది పదార్థాల పట్టికలో చూసుకోండి.

చివరగా భద్రపరచడం. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎనిమిది తోటల నమూనాలను వారం రోజులు ఇంటి వంటగది అల్మరాలో ఉంచాను. మూతలు గట్టిగానే పెట్టానని అనుకున్నాను. తీరా కాచి చూస్తే ఎనిమిదింటిలోనూ సన్నగా ఇంగువ వాసన. ఆ తోటల టీలు ఎలా ఉంటాయో తెలుసుకునే అవకాశం ఆ ఏడాదికి పోయింది, ఎందుకంటే ఆ కోతలో మిగిలిన ఆకు అప్పటికే అమ్ముడైపోయింది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. మీ ఆరు డబ్బాలను ఒకే పెట్టెలో ఉంచకండి. వారం తిరిగేసరికి మల్లెలో లవంగం, వెనిలాలో అల్లం కలిసిపోతాయి. ఒక్కొక్కదాన్ని వేరువేరుగా, గాలి చొరబడని చిన్న స్టీలు డబ్బాల్లో, పొయ్యికీ పోపుల పెట్టెకూ దూరంగా పెట్టండి. వేసవి వేడికి బెర్గమాట్ నూనె అన్నింటికంటే ముందు తగ్గిపోతుంది, కాబట్టి ఎర్ల్ గ్రేను, దాని తరువాత మల్లెను ముందుగా తాగేయండి. మసాలా డబ్బా వానాకాలం దాకా ఆగగలదు.